బోపన్న పాయింట్లకు గడువుంది, మనం వేసే ముద్రకు లేదు

2024 జనవరి 27, శనివారం. ఆ సాయంత్రం మేము చిన్నాయన ఇంట్లో టీవీ ముందు కూర్చొని ఉన్నాము. మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ ఫైనలు. ఒక పక్క మన రోహన్ బోపన్న, ఆయన జోడీ ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ ఎబ్డెన్. ఇంకో పక్క ఇటలీవాళ్ళు సిమోనె బొలెల్లి, ఆండ్రియా వవాసొరి. మొదటి సెట్టు టైబ్రేకులో ఏడు పాయింట్లూ వరసగా మనవాళ్ళకే వచ్చినాయి. రెండో సెట్టు 7-5. బోపన్న గెలిచినాడు.

చిన్నాయనకు టెన్నిస్ పెద్దగా తెలీదు. స్కోరు పదిహేను, ముప్పై, నలభై అని ఎందుకు లెక్కపెడతారో చెప్పమంటే మేము కూడా చెప్పలేకపోయినాము. ఆట అయిపోయినాక అడిగినాడు.

"కొడగాయనే కదా ఈయన?"

"అవును చిన్నాయనా. పుట్టింది బెంగళూర్లో, పెరిగింది కొడగులో."

"వయసెంత?"

"నలభై మూడు."

చిన్నాయన కొంచెంసేపు ఊరికే ఉండి, "అయితే ఇన్నేండ్లు ఏం చేస్తా ఉండె?" అన్నాడు.

ఆరోజు మేము నవ్వేసి ఊరుకున్నాము. సరైన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చిన్నాయన లేడు. ఆయనకు చెప్పాల్సిన జవాబును ఇక్కడ మీ అందరికీ చెప్తా ఉన్నామనుకోండి. మాది కన్నడ మీడియం చదువు, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర ఇంట్లో నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

ఇన్నేండ్లూ బోపన్న ఏం చేస్తా ఉండె? ఎక్కువగా ఓడిపోతా ఉండె. మళ్ళీ ఆడతా ఉండె.

1980 మార్చిలో పుట్టినాడు. నాయనకు కాఫీ తోట. పదకొండో ఏట రాకెట్టు పట్టినాడు. సర్వీసులో బలం రావాలని కొడగులో కట్టెలు కొట్టిన సంగతి, కాఫీ తోటల్లో పరుగెత్తిన సంగతి ఆట విడిచేటప్పుడు ఆయనే గుర్తు చేసుకున్నాడు. 2002లో డేవిస్ కప్‌లో దేశం తరఫున మొదటిసారి ఆడినాడు. 2003లో ప్రొఫెషనల్ అయినాడు. చిన్న చిన్న టోర్నీలు, పెద్ద పెద్ద ప్రయాణాలు. సింగిల్స్‌లో ఆయన చేరిన పై మెట్టు 213వ ర్యాంకు. అది 2007 మాట. గ్రాండ్‌స్లాం మెయిన్ డ్రాలో నేరుగా చోటు దొరకాలంటే సుమారుగా మొదటి వందలో ఉండాలి. 213లో ఉన్నవాడు క్వాలిఫైయింగ్ మ్యాచులతోనే మొదలుపెట్టాలి. అంతలో భుజం దెబ్బతినింది. 27, 28 ఏండ్ల వయసులో సింగిల్స్ దారి అట్లా మూసుకుపోతూ వచ్చింది. మన ఇండ్లలో అయితే అప్పుడే తేల్చేసి ఉంటారు. "ఆ పిల్లోడు పైకి రాలేదు" అని.

ఆయన డబుల్స్ దారి పట్టినాడు. పాకిస్తాన్ ఆటగాడు ఐసాముల్ హక్ ఖురేషీతో జోడీ కట్టినాడు. 2010లో ఇద్దరూ యూఎస్ ఓపెన్ ఫైనలుకు పోయినారు. భారత్, పాకిస్తాన్ దేశాల ఐక్యరాజ్యసమితి ప్రతినిధులు ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ఆ మ్యాచు చూసినారు. అమెరికా అన్నదమ్ములు బాబ్ బ్రయాన్, మైక్ బ్రయాన్ చేతిలో 7-6, 7-6తో ఓడిపోయినారు. రెండు సెట్లూ టైబ్రేకులే. రెండు మూడు బంతులు అటుదిటు అయ్యుంటే కథ వేరుగా ఉండేదేమో.

అదే నెలలో చెన్నైలో బ్రెజిల్‌తో డేవిస్ కప్. భారత్ 0-2తో వెనకబడింది. తర్వాత డబుల్స్ గెలిచినారు, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ నాలుగో మ్యాచు గెలిచినాడు. లెక్క 2-2. తీర్పు చెప్పే అయిదో మ్యాచు సింగిల్స్. ఆడాల్సింది బోపన్న, సింగిల్స్‌లో పైకి రాలేదని అందరూ అనుకున్న మనిషి. రికార్డో మెల్లోను వరస సెట్లలో ఓడించినాడు.

మళ్ళీ కింద. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు ఎవరు ఎవరితో ఆడాలనే గొడవలో ఆయన పేరు పేపర్లన్నిటిలో నలిగింది. తీరా పోయి రెండో రౌండులో ఓడినాడు. మళ్ళీ పైన. 2013లో డబుల్స్‌లో ప్రపంచ 3వ ర్యాంకు, వింబుల్డన్ సెమీఫైనలు. మళ్ళీ కింద. 2016 రియో ఒలింపిక్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఆడి నాలుగో స్థానంతో వచ్చినారు. ఒక్క మ్యాచు గెలిచుంటే కంచు పతకం. మళ్ళీ పైన. 2017లో పారిస్‌లో కెనడా అమ్మాయి గాబ్రియేలా డబ్రౌస్కీతో మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్. ఫైనల్లో రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకొని గెలిచినారు. ఆయనకు అది మొదటి గ్రాండ్‌స్లాం, అప్పటికి 37 ఏండ్లు.

అన్నిటికంటే లోతు 2021. అయిదు నెలలు ఒక్క మ్యాచు గెలవలేదు. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది. ఇంక ఆట విడిచేస్తానని భార్యకు మెసేజి పంపినానని మెల్బోర్న్‌లో గెలిచిన రోజు మైకు ముందర ఆయనే చెప్పినాడు. అంతకుముందు కరోనా కాలంలో అయ్యంగార్ యోగా మొదలుపెట్టి ఉన్నాడు. మోకాళ్ళు నిలబడింది దానివల్లే అంటాడు. 2023లో ఇండియన్ వెల్స్ గెలిచినాడు. మాస్టర్స్ 1000 టోర్నీ గెలిచినవాళ్ళలో అప్పటికి అందరికంటే పెద్ద వయసు ఆయనదే. అదే ఏడు యూఎస్ ఓపెన్ ఫైనలు, 2010 తర్వాత పదమూడేండ్లకు. మళ్ళీ ఓటమే.

ఆ తర్వాత నాలుగు నెలలకే మేము చిన్నాయన ఇంట్లో చూసిన ఫైనలు. పురుషుల డబుల్స్‌లో ఆయన మొదటి గ్రాండ్‌స్లాం. రెండు రోజులకు, జనవరి 29న, ప్రపంచ 1వ ర్యాంకు. పురుషుల టెన్నిస్‌లో అంత వయసులో మొదటిసారి ఆ చోటుకు పోయినవాళ్ళు అంతకుముందు లేరు. ఆ వారంలోనే పద్మశ్రీ కూడా ప్రకటించినారు.

ఇంతవరకూ చెప్పింది పేపర్లో ఉండే సంగతే. "ఓపిక ఉంటే గెలుపు వస్తుంది" అని దీనికి ఒక నీతి తగిలించి వదిలేయొచ్చు. మా బడి గోడ మీద కూడా ఒక సామెత రాసి ఉండేది. "కై కెసరాదరె, బాయి మొసరు." చేతికి బురద అంటితే నోటికి పెరుగు దక్కుతుందని. మంచి మాటే. కానీ బోపన్న కథలో మాకు పట్టింది ఓపిక కంటే వేరే సంగతి. అది టెన్నిస్ ర్యాంకుల లెక్క.

ఆ లెక్క తెలియనివాళ్ళ కోసం చెప్తాము. టెన్నిస్ ర్యాంకు 52 వారాల లెక్క. గ్రాండ్‌స్లాం గెలిస్తే 2000 పాయింట్లు. ఆ పాయింట్లు మీ ఖాతాలో ఒక ఏడాదే ఉంటాయి. మరుసటి ఏడు అదే టోర్నీ వచ్చేసరికి అవి రాలిపోతాయి. మళ్ళీ ఆడి మళ్ళీ సంపాదించుకోవాలి. నిరుడు గెలిచినాను కదా అంటే కుదరదు.

ఇది క్రూరంగా కనబడుతుంది. బోపన్నకే జరిగింది చూడండి. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ మొదటి రౌండులోనే ఓడినాడు. నిరుటి 2000 పాయింట్లు పోయినాయి. ర్యాంకు గబగబా జారిపోయింది.

కానీ దీనికి ఇంకో పక్క ఉంది. ఓటమికి మైనస్ పాయింట్లు లేవు. పోయిన ఏడాది మొదటి రౌండులో ఓడినావని ఈ ఏడాది ఎవరూ కోత పెట్టరు. 2021లో అయిదు నెలలు గెలవలేదు, నిజమే. 2024 జనవరి లెక్కలో ఆ అయిదు నెలల జాడ కూడా లేదు. సింగిల్స్‌లో 213 దాటలేదన్నది డబుల్స్ లెక్కలో ఎక్కడా రాదు. గెలుపుకు గడువున్నట్టే ఓటమికీ గడువుంది. బోపన్న 43 ఏండ్లకు పైకి రాగలిగింది ఆయన ఓపికతో, యోగాతో, మంచి జోడీతో. దానితోబాటు, పాత ఓటములను మోయించని లెక్క ఒకటి ఉండింది కాబట్టి కూడా.

మన ఇండ్లలో ఆ లెక్క లేదు. ఇదే మేము చెప్పాలనుకున్నది.

మా తాత మదనపల్లె పక్క నుంచి చింతామణికి, అక్కడి నుంచి బెంగళూరికి వచ్చినాడు. చిన్నాయన చిక్కపేటలో చిన్న బట్టల అంగడి పెట్టినాడు. అప్పు పెరిగి 1998లో మూసేసినాడు. అవ్వ గాజులు రెండు ఆ అప్పుకే పోయినాయి. ఇదంతా నిజమే, ఎవరూ కాదనలేదు.

ఆ తర్వాత ఏమైంది? చిన్నాయన డ్రైవింగ్ నేర్చుకున్నాడు. పాత వ్యాను ఒకటి కొని స్కూలు పిల్లల్ని తీసుకుపోయే పని పెట్టినాడు. పొద్దున ఆరున్నరకు బండి తీస్తే సాయంత్రం అయిదు. ఇరవై అయిదు ఏండ్లు నడిపినాడు. అప్పు తీర్చినాడు. ఇద్దరు కూతుళ్ళను డిగ్రీ దాకా చదివించినాడు. వాన వచ్చినా, బంద్ ముగిసిన మరుసటి రోజైనా, పిల్లల్ని ఇంటి గడప దగ్గర దించకుండా వెళ్ళింది లేదు.

అయినా పెండ్లికి పోతే ఆయన్ను చుట్టాలకు ఎట్లా చూపిస్తారు? "ఈయనే, చిక్కపేటలో అంగడి మూసినాయన." చెడుగా అనరు, ప్రేమగానే అంటారు. గుర్తు పట్టడానికి అట్లా అంటారు. ఇంట్లో ఎవరైనా వ్యాపారం మాట ఎత్తితే చాలు, "చిన్నాయన గతి చూడలేదా" అంటారు. ఇరవై అయిదేండ్ల వ్యాను లెక్కలోకి రాదు, మూతపడిన అంగడి మాత్రం ప్రతి ఏడూ లెక్కలో ఉంటుంది.

మాలో ఒకరికి సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాము కొత్త బిల్డు వస్తే, నిన్న పాసయిన టెస్టులన్నీ మళ్ళీ నడపాలి. నిన్న పాసయింది కదా అని వదిలేయకూడదు. నిన్న ఫెయిలయినవి కూడా మళ్ళీ నడపాలి. డెవలపరు సరిచేసి పంపితే, మళ్ళీ నడిపి చూసి, పాసయితే ఆ బగ్గును మూసేయాలి. సరిచేసినాక కూడా మళ్ళీ నడపకుండా పాత ఫెయిలునే రిపోర్టులో పెడితే అది టెస్టరు తప్పు. మన కుటుంబాలు మనుషుల మీద చేస్తా ఉండేది ఈ తప్పే. ఎస్సెల్సీలో ఒకసారి తప్పిన పిల్ల, పెండ్లి నిలవని అక్క, ఫారిన్ పోయి ఆరు నెలలకే తిరిగొచ్చిన బావ, అందరి రిపోర్టూ పాతదే. మళ్ళీ నడిపి చూసినవాళ్ళు లేరు.

ఈ మాట మేము పుస్తకం చూసి చెప్పడం లేదు. 2023 మార్చిలో మాలో ఒకరి ఉద్యోగం పోయింది. ఒక మధ్యాహ్నం మీటింగు, పదిహేను నిముషాలు, అంతే. వయసు ముప్పై అయిదు. ఇంటి కంతు ఉంది, పాపకు స్కూలు ఫీజు ఉంది. ఉద్యోగం పోయింది ఒకరికే, దాచింది మాత్రం ఇద్దరమూ. పెద్దవాళ్ళకు రెండు నెలలు చెప్పలేదు. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకొని బయటికి పోవడం, పార్కులో చెట్టు కింద ల్యాప్‌టాప్ తెరవడం, సాయంత్రం అలసిపోయినట్టు ఇంటికి రావడం. ఎందుకు దాచినామంటే, డబ్బు భయం కంటే ఆ పేరు పడుతుందనే భయం. "కంపెనీలో తీసేసినారంట" అన్న మాట ఒకసారి పడితే ఇంక పోదు. చిన్నాయన అంగడిలాగా.

ఇంటర్వ్యూలు సరిగ్గా పోలేదు. పని తెలుసు, ఇంగ్లీషులో గబగబా చెప్పడం రాదు. పదో తరగతి దాకా లెక్కలు, సైన్సు అన్నీ కన్నడలో చదివినవాళ్ళకు ఆ తడబాటు ముప్పై అయిదేండ్లకూ పూర్తిగా పోదు. మనలాంటి ఇండ్లవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, అన్నం పెట్టేది ఇంకో భాష.

ఒకరోజు పదకొండు గంటలకు పార్కు ముందర ఒక స్కూలు వ్యాను ఆగింది. చిన్నాయన దిగి వచ్చినాడు. రెండు ట్రిప్పుల నడుమ ఆయనకు ఖాళీ. మమ్మల్ని చూసినాడు, ల్యాప్‌టాప్ చూసినాడు. "ఏం నాయనా, ఈ పొద్దు ఆఫీసు లేదా?" అనలేదు. పోయి రెండు గ్లాసుల కాఫీ తెచ్చినాడు. తాగినాక అన్నాడు. "వారం వారం చూస్కో నాయనా. ఏడాదంతా ఒకేసారి తలుచుకుంటే భయమైతాది. నేను అంగడి మూసినప్పుడు అట్లే చేస్తి." ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మేముగా చెప్పేదాకా కాచుకున్నాడు.

నవంబరులో పని దొరికింది. కాంట్రాక్టు పని, జీతం ముందుకంటే తక్కువ. ఆ నడుమ ఆటోమేషన్ టెస్టింగు నేర్చుకున్నాము. పెద్ద గెలుపేమీ కాదు. బోపన్న సింగిల్స్ నుంచి డబుల్స్‌కు మారినట్టు అని చెప్పుకుంటే నవ్వుతారు. కానీ కోర్టు అదే, ఆట కొంచెం వేరు. అంతవరకూ నిజం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా ఇంట్లోనే వచ్చింది. "ఆయనకు కాఫీ తోట ఉండె. నలభై మూడేండ్ల దాకా ఆడినాడు. మనకేముంది? కంతు కట్టేదెవరు?" న్యాయమైన మాటే. టెన్నిస్ ఖర్చుతో కూడిన ఆట. కోచి కావాలి, ఫిజియో కావాలి, వారానికొక దేశానికి టికెట్టు కావాలి. వెనక ఆసరా లేనివాడు 213 దగ్గర ఏండ్ల తరబడి నిలవలేడు. బోపన్నలాగా ఆడి, బోపన్నలాగా ఓడి, ఏ జనవరీ ఎదురురాకుండానే ఇంటికి పోయినవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ పేర్లు పేపర్లో రావు. కాబట్టి "నలభై మూడు దాకా ఆగితే నీకూ వస్తుంది" అని ఎవరి పిల్లలకూ మేము చెప్పము. చెప్తే మోసం చేసినట్టే.

ఆపేయడం కూడా తప్పేమీ కాదు. చెన్నైలో నాలుగో మ్యాచు గెలిచిన సోమ్‌దేవ్‌నే తీసుకోండి. బోపన్న కంటే చిన్నవాడు. సింగిల్స్‌లో 62వ ర్యాంకు దాకా పోయినాడు, బోపన్న ఎప్పుడూ పోనంత పైకి. భుజం గాయం తర్వాత మునుపటి ఆట తిరిగి రాలేదు. 2017 మొదటి రోజున, 31 ఏండ్లకే ఆట విడిచినాడు. ఆయన ఓడిపోయినట్టా? ఆయన 62 ఆయనదే. ఎంత దూరం పోవాలో ఎవరి శరీరం, ఎవరి ఇల్లు, ఎవరి డబ్బు వాళ్ళకు చెప్తాయి.

మేము అడుగుతా ఉండేది ఇంతకంటే చిన్నది. ఆడనీయండి, ఆపనీయండి, దారి మార్చుకోనీయండి. ఏది చేసినా పాత ఓటమిని పేరు ముందర తగిలించవద్దు. దానికి కాఫీ తోట అక్కర్లేదు. పైసా ఖర్చు కాదు.

సానియా మీర్జా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. హైదరాబాదు ఆమెది కాబట్టి మన ఇండ్లలో ఆమె పేరు ఎక్కువ పలికేది. మా అవ్వకు టెన్నిస్ అంటే సానియానే. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. తర్వాత మణికట్టు దెబ్బ, ఆపరేషను. అప్పుడు మన చుట్టాల్లోనే ఎంతమంది "ఆ పిల్ల పనైపోయింది" అన్నారో మాకు బాగా గుర్తుంది. ఆట కంటే ఆమె బట్టల మీద, పెండ్లి మీద ఎక్కువ మాటలు నడిచినాయి. ఆమె సింగిల్స్ విడిచి పూర్తిగా డబుల్స్‌కు వచ్చింది. 2015 ఏప్రిల్లో ప్రపంచ 1వ ర్యాంకు. ఆ ఏడే మార్టినా హింగిస్‌తో వింబుల్డన్, యూఎస్ ఓపెన్. మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. "పనైపోయింది" అన్నవాళ్ళు ఆ మాట వెనక్కి తీసుకున్నారా? లేదు. చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. మనకు ముద్ర వేయడం వచ్చు, తుడవడం నేర్పలేదు ఎవరూ.

2023 జనవరిలో సానియా చివరి గ్రాండ్‌స్లాం ఫైనలు ఆడింది. మిక్స్‌డ్ డబుల్స్. జోడీ ఎవరు? బోపన్నే. పద్నాలుగేండ్ల వయసులో తన మొదటి మిక్స్‌డ్ డబుల్స్ జోడీ కూడా ఈయనేనని మైకు ముందర చెప్పి కండ్లనీళ్ళు పెట్టుకుంది. ఆ ఫైనలు ఓడిపోయినారు. రియోలో పతకం చేజార్చుకున్న జోడీ అదే. ఆ రోజును ఒకరి మీద ఒకరు వేసుకొని ఉంటే ఆరున్నరేండ్ల తర్వాత ఒకే పక్క నిలబడి ఫైనలు ఆడేవాళ్ళు కాదు. డబుల్స్‌లో జోడీ తప్పు బంతి కొడితే ఏం చేస్తారో గమనించినారా? దగ్గరకొచ్చి చేతిలో చెయ్యి తగిలించి మళ్ళీ పోయి నిలబడతారు. ప్రతి పాయింటుకూ. గెలిచినా తగిలిస్తారు, ఓడినా తగిలిస్తారు. కుటుంబం చేయాల్సింది దాదాపు అంతే.

చిన్నాయన 2025లో పోయినాడు. పదకొండో రోజు కర్మకు అందరూ వచ్చినారు. ఆకుల ముందర కూర్చొని మాట్లాడుకుంటూ ఉంటే, దూరపు చుట్టం ఒకాయన పక్కవాళ్ళకు చెప్తా ఉన్నాడు. "పాపం, మంచి మనిషి. చిక్కపేటలో అంగడి ఉండె, నిలబెట్టుకోలేకపాయె." పోయిన మనిషికి కూడా 1998 వదల్లేదు. వడ్డిస్తా ఉన్న మా చేతులు ఆగిపోయినాయి. చిన్నమ్మ విన్నది. ఏమీ అనలేదు. మేము కూడా ఏమీ అనలేదు. పదకొండో రోజు పెద్దాయనతో వాదమెందుకని ఊరుకున్నాము. ఇప్పటికీ అది మనసులో గుచ్చుకుంటూనే ఉంది. "ఇరవై అయిదేండ్లు వ్యాను నడిపినాడు మామా, ఒక్క పిల్లకు గీత పడనీయలేదు" అని ఒక్క మాట అనుండాల్సింది.

అదే ఏడు నవంబరు 1న బోపన్న ఆట విడుస్తున్నానని చెప్పినాడు. 45 ఏండ్లు. చివరి మ్యాచు పారిస్ మాస్టర్స్‌లో, కజకిస్తాన్ ఆటగాడు అలెగ్జాండర్ బుబ్లిక్‌తో కలిసి. ఓడిపోయినాడు. ఆరోజుకు 1వ ర్యాంకు లేదు, దాని దరిదాపుల్లో కూడా లేడు. అయినా "ర్యాంకు నిలబెట్టుకోలేకపోయినాయన" అని ఆయన్ను ఎవరైనా అన్నారా? కన్నడ పేపర్లు, తెలుగు పేపర్లు, అన్నీ ఇరవై రెండేండ్ల ఆట మొత్తం చెప్పినాయి. చివరి ఓటమి అందులో ఒక వాక్యం. ఊరూ పేరూ తెలియని ఆటగాడికి మనం ఇచ్చే మర్యాద ఇది. ఇంటి మనిషికి ఎందుకు ఇవ్వలేము?

మేము మా ఇంట్లో ఒక అలవాటు మొదలుపెట్టినాము. ఎవరింటికైనా పోతే, ఎవరైనా వస్తే, "ఇప్పుడు ఏ పొజిషను? ఇంకా సెటిల్ కాలేదా?" అని అడగము. "ఈ మధ్య ఏం పని పెట్టుకున్నావు?" అని అడుగుతాము. చుట్టాలను పరిచయం చేసేటప్పుడు మనిషి ఇప్పుడు చేస్తా ఉండే పనితో చెప్తాము. ఒక ఏడాది దాటిన ఓటమిని, ఆ మనిషే ఎత్తితే తప్ప, మేము ఎత్తము. మా పాప దీనికి "52 వారాల రూలు" అని పేరు పెట్టింది. ఎవరైనా తప్పితే వేలు చూపిస్తుంది. ఎక్కువ వేళ్ళు మా మీదికే వస్తా ఉండాయి.

పాతది మరిచిపోవాలని మేము అనడం లేదు. ఈ బ్లాగే పాత సంగతులు రాసుకోవడానికి. తాత ఏ ఊరి నుంచి వచ్చె, ఏ పని చేసె, ఏ అంగడి పెట్టె, ఏ అంగడి మూసె, అన్నీ రాసుకుందాము. అంగడి మూసిన సంగతి రాస్తే దాని కింద వ్యాను కొన్న సంగతి కూడా రాయాలి, అంతే. పూర్తి లెక్క రాయాలి.

మీ ఇంట్లో కూడా ఒక చిన్నాయన ఉంటాడు, లేకుంటే ఒక అత్త. ఏదో ఒక ఏడాది మీద ఆగిపోయిన పేరుతో బతుకుతా ఉంటారు. ఈ ఆదివారం ఫోను చేసి, ఇప్పుడు ఏం చేస్తా ఉండారో అడగండి. చెప్పింది వినండి.

చిన్నాయనా, నువ్వడిగిన దానికి జవాబు ఇదే. ఆయన ఇన్నేండ్లూ నీలాగే వారం వారం చూస్కుంటా ఉండె.